ఎంత బిగించాలె

మా నాయిన ముప్పై నాలుగేండ్లు కార్ల ఇంజన్లకు బోల్టులు బిగించిండు. ఇప్పింది గూడ అంతే లెక్క. ఇప్పినందుకు ఆయన్ను ఎవ్వరూ ఏమనలేదు. బిగించినందుకు ఒకసారి అన్నరు. ఆ ఒక్కసారి గురించి రాయాలని చాన్నాళ్ల నుంచి అనుకుంటున్న. రాయబోతే ముందుగాల బోల్టు గురించే రాయవలసి వస్తున్నది. చదివేటోళ్లు కొంచెం ఓపిక పట్టాలె.

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేటకు పోయే తొవ్వల, ఇప్పుడు మెట్రో పిల్లర్లు నిలబడ్డ పెద్దరోడ్డుకు లోపల ఒక గల్లీ. ఆ గల్లీల రేకుల షెడ్డు. ముందర వేపచెట్టు, చెట్టు కింద సగం ఇప్పేసిన అంబాసిడర్లు, ఫియట్లు. మేముండేది బల్కంపేట దిక్కు, ఒక్క అర్ర కిరాయి ఇంట్ల. అవ్వ పొద్దున నాలుగిండ్ల బాసండ్లు తోమి వచ్చి వంట చేస్తే, బడి లేని రోజు టిఫిన్ డబ్బా పట్టుకొని నేను షెడ్డుకు పొయ్యేదాన్ని. షెడ్డుల నేను చూసిందంతా ఆ డబ్బా పుణ్యాన చూసిందే. ఇప్పుడు షెడ్డు లేదు, వేపచెట్టు లేదు. ఆడపిల్లల హాస్టలు ఉన్నది. గోడ నిండా జావా, పైథాన్, టెస్టింగ్ టూల్స్ అని కాయితాలు. జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు అమీర్‌పేట అంటే కంప్యూటరు కోర్సు. నాకు మాత్రం ఆ గల్లీల ఇప్పటికీ గాసునూనె వాసనే వస్తది.

నాయినది మెదక్ దిక్కు ఊరు. మేం మాదిగోళ్లం. తాత చెప్పులు కుట్టిండు. మోట నడిచిన కాలంల మోట బొక్కెనలు కుట్టిండు. డప్పు చేసిండు, డప్పు కొట్టిండు. డప్పు చేసుడు నేను ఒకే ఒక్కసారి చూసిన. నానబెట్టిన తోలును గుండ్రటి కర్ర పలక మీద పరిచి, ఒకదిక్కు గుంజి పట్టేటోడు. ఆ వెంటనే దాని పక్కకు పోడు. సరిగ్గ ఎదురుదిక్కుకు పోయి అక్కడ గుంజుతడు. మళ్ల అడ్డంగ ఒకటి, దానికి ఎదురు ఇంకొకటి. ఎందుకు తాతా అంటే, పక్కపక్కన గుంజుకుంట వస్తే తోలు ఒకదిక్కు ఒరుగుతది బిడ్డా, కొడితే ఒకదిక్కు మోగి ఇంకోదిక్కు మొద్దుబారుతది అన్నడు. అప్పుడు నేను ఇది డప్పు సంగతే అనుకున్న.

1978ల, పదమూడేండ్లప్పుడు నాయిన పట్నం వచ్చిండు. ఊర్ల వెట్టి చెయ్యనని వచ్చిండు. షెడ్డుల ఆయన్ను పనికి పెట్టుకున్నది సేటు గాదు, ఉస్తాదు. ఉస్తాదు ముసల్మాను. పట్నంల 'మీరేందోల్లు' అని అడగని మనిషి ఆయన ఒక్కడే అని నాయిన ఇప్పటికీ అంటడు. ఒక్క డబ్బాల తిన్నరు. మొదటి రెండేండ్లు పార్టులు కడుగుడు, పానాలు అందిచ్చుడు. పన్నెండు నంబరు రింగు అంటే చూడకుండనే చేతికి రావాలె, రాకపోతే నెత్తి మీద ఒకటి పడేది. ఆ తర్వాతనే బోల్టు మీద చెయ్యి పెట్టనిచ్చిండు.

ఉస్తాదు చెప్పిన పాఠం చిన్నది. పది నంబరు బోల్టుకు మణికట్టు. పద్నాలుగుకు మోచెయ్యి. పదిహేడుకు భుజం. మణికట్టుతో అయ్యే పనికి భుజం పెడితే బోల్టు తెగుతది, భుజం కావలసిన కాడ మణికట్టు పెడితే బండి తొవ్వల నిలబడుతది. 'జిత్నా మాంగ్తా ఉత్నాచ్ దేనా' అనేటోడట. అది ఎంత అడిగితే అంతనే ఇయ్యాలె. పానాలు గూడ ఆ లెక్కనే చేస్తరు. చిన్న నంబరు పానా పొట్టిగ ఉంటది, పెద్ద నంబరుది పొడుగు. చిన్న బోల్టుకు పొడుగు పానా ఇస్తే చెయ్యి ఆగదని చేసినోళ్లకు తెలుసు. పొట్టి పానాకు ఇనుప పైపు తొడిగి గుంజేటోళ్లు కనపడితే ఉస్తాదు చేతిల ఏముంటే అది ఇసిరేటోడు.

నేను టీచరును గదా, ఇక్కడ ఇంత పాఠం చెప్తా. మీటరు పొడుగు కడ్డీ కొసకు ఒక కిలో బరువు వేలాడదీస్తే ఇరుసు మీద పడే తిప్పుడు బలం ఒక కేజీ-మీటరు. ఇప్పటి లెక్కల 9.8 న్యూటన్ మీటర్లు. ఆరు కేజీ-మీటర్లు కావాలంటే 30 సెంటీమీటర్ల పానా కొసన 20 కిలోల బలం పెట్టాలె. పైపు తొడిగి 60 సెంటీమీటర్లు చేస్తే 10 కిలోలే సరిపోతది. తెలువనోడు మళ్ల 20 కిలోలే పెడుతడు, బోల్టు మీద 12 పడుతది. రోడ్డు పక్కన టైరు మార్చేటోడు అరమీటరు రాడ్డు కొస మీదికి ఎక్కి నిలబడుడు మీరు చూసే ఉంటరు. 60 కిలోల మనిషి ఎగరకుండ ఊరికె నిలబడ్డా అది 30 కేజీ-మీటర్లు. చిన్నకారు చక్రం నట్టుకు అందుల సగం గూడ అక్కర లేదు. తెలుగు మీడియం ఇంటర్ల దీన్ని బలభ్రామకం అని చదివిన. నోరు తిరిగేదాక బట్టీ పట్టిన. మా నాయిన పొద్దటి నుంచి పొద్దుమీకేదాక చేసే పనికి ఆ పేరున్నదని ఏ సారూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

అంబాసిడర్ హెడ్డు బీడుది. గట్టిది, కొంచెం ఎక్కువ తక్కువలు ఓర్చుకుంటది. 1983 డిసెంబరుల మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, పైన అల్మినియం హెడ్డు. అల్మినియం మెత్తన. వేడి తగిలితే బీడు కన్న బాగా ఎక్కువ సాగుతది. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ బిగిస్తే వంకర పోతది. వంకర పోతే హెడ్డుకూ బ్లాకుకూ నడుమ ఉండే గ్యాస్కెట్ కాలుతది, నీళ్లు పోయి నూనెల కలుస్తయి. అందుకని ఎనిమిది బోల్టులను నడిమి నుంచి మొదలుపెట్టి, ఎదురెదురుగ దాటుకుంట, అంచులకు పోవాలె. ఒక్క పట్టున గాదు, రెండు మూడు విడతల. నాయినకు ఇది నేర్చుకునుడు కష్టం కాలేదట. డప్పు లెక్కనే గదా అన్నడు నాతోని. ఉస్తాదు ముందర మాత్రం ఆ మాట అనలేదు. షెడ్డుల ఎవ్వరి ముందరా అనలేదు. మడ్డి పట్టిన చేతికి కులం కనపడదని అనుకొని పదిహేడేండ్లు పని చేసిండు.

1995 ఆషాఢంల బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి తాత ఊరి నుంచి డప్పు తీసుకొని వచ్చిండు. గుడి బయట గడ్డిమంట ఏసి డప్పు కాపుతుంటే నాయిన పక్కన కూసుండి మంటల గడ్డి ఏస్తున్నడు. సేటు ఇంటోళ్లు దర్శనానికి వచ్చిండ్రు. వచ్చిన కారు నాయిన చేసిన కారే. సేటు చూసిండు, ఏమనలేదు. తెల్లారి షెడ్డుల కుండ మీద ఉండే స్టీలు గ్లాసు పక్కన ఒక ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. అది ఎవరికోసమో ఎవ్వరూ చెప్పలేదు. చెప్పే పని లేకుండె. అప్పుడు నాకు ఆరేండ్లు. ఇది అవ్వ తర్వాత చెప్పింది. నాయిన చెప్పలేదు.

మరుసటేడు షెడ్డుకు టార్క్ పానా వచ్చింది. మారుతి బండ్లు ఎక్కువైనయి, గిరాకులు 'కంపెనీ లెక్కన చేస్తరా' అని అడుగుతున్నరు. పొడుగు ఎర్ర డబ్బా, లోపల మెత్తటి గుడ్డ మీద పానా. పిడి తిప్పి నంబరు పెట్టుకుంటే, ఆ బలం రాంగనే టిక్కుమంటది, చేతికి చిన్న కుదుపు తగులుతది. అక్కడ ఆపాలె. డబ్బా సేటు బీరువల ఉండేది, తాళం చెవి సేటు బావమరిది దగ్గర ఉండేది. ఆయన ఆటోమొబైల్ డిప్లొమా చదివిండు, అందరు ఇంజినీరు సారనేటోళ్లు. అప్పటి నుంచి పద్ధతి మారింది. హెడ్డు దించేది నాయిన, కడిగేది నాయిన, ఎక్కిచ్చేది నాయిన, ఎనిమిది బోల్టులు తొంభై పాళ్ల దాక బిగించేది నాయిన. ఆఖరికి ఇంజినీరు సారు వచ్చి ఎనిమిది సార్లు టిక్కుమనిపించి జాబ్ కార్డు మీద సంతకం పెట్టేటోడు. ఒకసారి సారు లేనప్పుడు గిరాకి తొందర పెడుతుంటే నాయిన పానా అడిగిండట. 'నీ చేతికిస్తే ఖరాబైతది' అన్నడు సేటు.

1997 దసరా నాకు బాగ యాది. ముందటి రాత్రి నాయిన ఒక్కొక్క పానాను గాసునూనెతోని కడిగి, గుడ్డతోని తుడిచి, నంబరు వరుసల బల్ల మీద పేర్చిండు. ఎనిమిది తొమ్మిది, పది పదకొండు, పన్నెండు పదమూడు. పొద్దుగాల వాటన్నిటికి పసుపు, కుంకుమ, బంతిపూలు. నడుమ ఎర్ర డబ్బా, దానికి పెద్ద దండ. గుమ్మడికాయ కొట్టేటప్పుడు నాయిన వేపచెట్టు కింద నిలబడి ఉన్నడు. నేను ఆయన వేలు పట్టుకొని ఉన్న. 'నాయినా, లోపలికి పోదాం' అన్న. 'ఇక్కడ నీడ ఉన్నది బిడ్డా' అన్నడు.

2000 సంవత్సరం ఎండకాలంల ఒక పెద్ద సారుది కారు వచ్చింది. ఇంజను వేడెక్కుతున్నదని హెడ్డు దించిండ్రు. గ్యాస్కెట్ మార్చాలె. బ్లాకుల బోల్టు దిగే గుంతలల్ల పాత నీళ్లు, తుప్పు, కాలిన గ్యాస్కెట్ పెచ్చులు. నాయిన వాటిల ట్యాపు తిప్పి మరలు శుభ్రం చేస్తనన్నడు, గాలి కొట్టి నీళ్లు తీస్తనన్నడు. గంట పని. ఇంజినీరు సారు టైం లేదన్నడు, పొద్దుమీకి బండి ఇయ్యాలన్నడు. నాయిన రెండోసారి గూడ చెప్పిండు. రెండోసారి చెప్పుడే తప్పైంది. సారు బోల్టులు పెట్టిచ్చి, బీరువ తెరిచి, ఎనిమిది టిక్కులు కొట్టి, సంతకం పెట్టిండు.

మూడు వారాలకు ఆ బండిని తాడు కట్టి గుంజుకొచ్చిండ్రు. నూనె కొలిచే పుల్ల బయటికి తీస్తే పాలు పోసిన చాయ్ లెక్క ఉన్నది. పెద్ద సారు షెడ్డుల నిలబడి కేకలు. ఇంజినీరు సారు జాబ్ కార్డు చూపించిండు. 'ఇది కంపెనీ పానా, ఇది తప్పు చెప్పదు. కింద చెయ్యి పెట్టినోనిదే తప్పు' అన్నడు. అప్పుడు సేటు అందరు వినంగ అన్న మాట ఇది: 'తోలు కోసే చెయ్యి ఇంజను మీద పెట్టిస్తే గింతే అయితది.'

నేను డబ్బా పట్టుకొని వేపచెట్టు కాడికి వచ్చి నిలబడ్డ. నాకు పదకొండేండ్లు. మాట పూర్తిగ అర్థమైంది.

హెడ్డు సాపు చేయించిన ఖర్చు, గ్యాస్కెట్ ఖర్చు నాయిన జీతంల కోసిండ్రు. నెలకు 1,800 జీతం, ఆరు నెలలు 300 చొప్పున. ఆ ఆరు నెలలల్లనే నేను ఇంగ్లీషు మీడియం బడి మానేసి సర్కారు బడికి మారిన. కండ్లకు పొరలొచ్చి అప్పటికే ఇంటి పట్టున ఉన్న ఉస్తాదు సంగతి విని, మనవని భుజం పట్టుకొని షెడ్డుకు వచ్చిండు. ఒక్కటే అడిగిండు, గుంతలల్ల నీళ్లు తీసిండ్రా అని. ఎవ్వరూ మాట్లాడలేదు. చాయ్ తెప్పిస్తే తాగకుండనే పోయిండు.

మానెయ్యకపోయినవా అని తర్వాత నేను నాయినను చానాసార్లు అడిగిన. మానేసి ఎక్కడికి పోవాలె? సేటు దగ్గర బాకీ ఉన్నది. ఇంకో షెడ్డుకు పోతే ఈ షెడ్డు మాట ముందుగాల పోతది. ఇంకా పన్నెండేండ్లు అక్కడనే చేసిండు. 2012ల షెడ్డు మూతపడ్డదాక చేసిండు.

2008ల నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఆదివారం ఆబిడ్స్‌ల ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలల్ల ఒక ఇంగ్లీషు ఇంజినీరింగ్ పుస్తకం దొరికింది. అట్ట లేదు. నట్లూ బోల్టుల అధ్యాయం ఉన్నదని కొన్న. నిఘంటువు పక్కన పెట్టుకొని వారం చదివిన. బోల్టు బిగించుడంటే బోల్టును సాగదీసుడే అని అందుల ఉన్నది. హెడ్డు బోల్టు వెంట్రుక మందమంత సాగుతది. సాగింది మళ్ల ముడుచుకోవాలని చూస్తది, ఆ ముడుచుకునే బలమే హెడ్డును బ్లాకుకు అదిమి పట్టేది. బోల్టు ఒక స్ప్రింగు. ఇంతవరకు బాగనే ఉన్నది. మనం తిప్పే బలంల ఎంత ఆ సాగుడుకు పోతది? నూటికి పది పాళ్లు. మిగతా తొంభై రాపిడికి పోతది, సుమారు సగం బోల్టు తల కింద, నలభై దాక మరలల్ల.

నేను పుస్తకం పక్కన పెట్టి కాయితం మీద లెక్క ఏసిన. మరలల్ల తుప్పు, చెత్త ఉన్నదనుకో. రాపిడి తొంభై కాదు, తొంభై ఐదు తింటది. సాగుడుకు మిగిలేది ఐదు. అంటే పట్టు సగానికి సగం పోయింది. పానా మాత్రం అదే నంబరు కాడ, అదే తీరుగ టిక్కుమంటది. నూనె ఎక్కువైతే దీనికి ఉల్టా, రాపిడి తగ్గి బోల్టు ఎక్కువ సాగి తెగుతది. ఇక అడుగు మూసుకుపోయిన గుంతల నీళ్లు నిలిస్తే, దిగే బోల్టు ఆ నీళ్లను నొక్కుతది. నీళ్లకు నొక్కుడు తెలువదు, బోల్టును దిగనియ్యవు. పానా టిక్కుమంటది, హెడ్డు వదులుగనే ఉంటది. బ్లాకు పగిలినా పగలొచ్చు. కొత్త ఇంజన్లల్ల కంపెనీలోళ్లే టిక్కును పూర్తిగ నమ్ముడు మానేసిండ్రు. కొంత బలం దాక బిగించి, ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమంటరు. తొంభై డిగ్రీలంటే పావు చుట్టు. బలంల రాపిడి మోసం చేస్తది, చుట్టుల చెయ్యదు. అట్ల సాగిన బోల్టులను కొన్నిటిని మళ్ల వాడొద్దని గూడ రాస్తరు.

ఆ రాత్రి నాయిన అన్నం తింటుంటే చెప్పిన. నాయినా, నీ తప్పు లేదు, పుస్తకంల ఉన్నది, ఇగో లెక్క. నాకు ఏడుపొస్తున్నది. ఆయన ముద్ద నోట్ల పెట్టుకొని, నమిలి, మింగి, 'ఎరుకే బిడ్డా' అన్నడు. 'నాకెరుకే. వానికి గూడ ఎరుకే.'

'మరి అప్పుడు గట్టిగ చెప్పకపోయినవా?'

'చెప్పిన గదా రెండుసార్లు. నాది మాట. వానిది మిషను సప్పుడు.'

ఇది చదివేటోళ్లల్ల మన పిల్లలున్నరు, ఉద్యమంల తిరిగేటోళ్లున్నరు. ఒక మాట చెప్పాలె. మన చేతులను పొగిడేటోళ్లు ఈ మధ్య మస్తుగ ఉన్నరు. శ్రమజీవుల చేతుల్లో వేలయేండ్ల విద్య ఉన్నదని సభలల్ల మాట్లాడుతరు, కవిత్వం రాస్తరు. ఉన్నది, కాదనను. కాని ఆ చేతికి టార్క్ పానా ఇయ్యమంటే బీరువ తాళం తియ్యరు. చెయ్యి గొప్పది కాబట్టి దానికి కొలత ఎందుకన్నట్టు మాట్లాడుతరు. నాయినకు ఈ పొగడ్త పనికి రాలేదు. ఆయన అడిగింది పానా.

2013ల నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంల నుంచి రాణిగంజ్ పోయి, ఒక టిక్కు పానా కొన్న. దుకాణపాయన ఒక ముచ్చట చెప్పిండు. పని అయినంక పిడి వెనక్కి తిప్పి అన్నిటికన్న తక్కువ నంబరు కాడ పెట్టాలె, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసి తప్పు లెక్క చూపుతది. నాయిన నా మొఖం చూసిండు. 'వాడు నాలుగేండ్లు ఏనాడూ తిప్పలేదు' అన్నడు. జుమ్మెరాత్ బజార్ల ముల్లు చూపే పాత పానా గూడ ఒకటి దొరికింది. టిక్కుమనేది లేదు, కడ్డీ వంగిన కొద్దీ ముల్లు అంకెల మీద జరుగుతది. అది నా కోసం కొనుక్కున్న.

ఎర్రగడ్డల నాయిన దోస్తు షెడ్డు ఉన్నది. అక్కడ పాత మారుతి ఇంజను ఒకటి పక్కన పడి ఉంటే, ఒక ఆదివారం పరీక్ష పెట్టిన. గుంతలు శుభ్రం చేసినం, గాలి కొట్టినం, కొత్త గ్యాస్కెట్ పెట్టినం. నాయిన ఉత్త రింగు పానాతోని, ఉస్తాదు చెప్పిన లెక్కన, ఎనిమిది బోల్టులు ఆరు కేజీ-మీటర్లకు బిగించాలె. బిగించిండు. తర్వాత నేను ముల్లు పానా పెట్టి మెల్లగ నూకి, బోల్టు కదలబోయే కాడ ముల్లు ఎంత చూపిందో రాసుకున్న.

ఎనిమిదికి ఎనిమిది ఆరు రావాలని నేను ఎంత కోరుకున్ననో చెప్పలేను. అట్ల వచ్చిందని రాసుకోవాలని గూడ అనుకున్న. ఐదు బోల్టులు ఆరుకు అటో ఇటో ఉన్నయి. రెండు ఐదు కాడనే ఉన్నయి. ఒకటి ఏడున్నర చూపింది. చెప్పాలా వద్దా అని నేను నిలబడితే, 'ఎన్నోది ఎక్కువున్నది?' అని ఆయనే అడిగిండు. వెనక మూలది అన్న. 'అక్కడ చెయ్యి సక్కగ పోదు. కిందికెల్లి మీదికి గుంజాలె' అన్నడు. కాసేపు ఆ బోల్టునే చూసి, 'గందుకే గదా అప్పుడు గది అడిగింది' అన్నడు. 'చెయ్యి పొద్దుగాల ఒక లెక్క, పొద్దుమీకి ఒక లెక్క. ఆకలైతే ఇంకో లెక్క. ఇంట్ల కొట్లాడి వస్తే ఇంకోటి.'

తర్వాత ఒక సంగతి చదివిన. టార్క్ పానాను 1918ల న్యూయార్క్ నగర నీళ్లశాఖల పనిచేసే కాన్రాడ్ బార్ అనే ఆయన తయారు చేసిండని చెప్పుకుంటరు. భూమి లోపలి పెద్ద నీళ్ల పైపులను రిపేరు చేసేటప్పుడు కూలోళ్లు అతికిచ్చే బోల్టులను ఎక్కువ బిగిస్తున్నరని, అది ఆపుదామని చేసిండట. అంటే ఆ దేశంల గూడ మనుషుల చేతులు ఎక్కువ తక్కువలు పోయినయి. అక్కడ ఏం చేసిండ్రు? ఆ చేతికి ఒక పనిముట్టు చేసిచ్చిండ్రు. చెయ్యి ఎవరిదని అడిగిండ్రో లేదో నాకు తెలువదు. అడిగి ఉంటే గూడ ఆశ్చర్యపోను, అక్కడ నల్లోళ్ల చేతులు లేవా. కాని ఆ పనిముట్టు తిరిగి తిరిగి మా గల్లీకి వచ్చేసరికి బీరువలకు పోయి, పూలదండ ఏసుకొని, సాక్షి అయింది. మా నాయిన మీద సాక్షి.

నేను బడిల బలం, రాపిడి చెప్పేటప్పుడు ముల్లు పానా తీసుకపోత. బెంచీకి ఒక బోల్టు బిగించి పిల్లలను ఒక్కొక్కళ్లను మూడు కేజీ-మీటర్లు తెమ్మంట, ముల్లు చూడకుండ. ఒకరికి రెండొస్తది, ఒకరికి ఐదు. నవ్వుకుంటరు. తర్వాత అదే బోల్టు మరలకు ఇసుక రాసి మళ్ల చేయిస్త, నూనె రాసి మళ్ల చేయిస్త. ఒక పిల్ల లేచి, 'టీచర్, మరి నంబరు గూడ అబద్ధం చెప్తదా' అని అడిగింది. నంబరు అబద్ధం చెప్పదు, అడగనిది చెప్పదు అన్న. పానాను నువ్వు ఎంత తిప్పినవని అడిగితే అంతే చెప్తది. హెడ్డు అతుకుకున్నదా లేదా అన్నది దానికి తెలువదు. దానికి గుంతలల్ల చూసినోన్ని అడగాలె. ఆ పిల్లకు ఎంత అర్థమైందో గాని రాసుకున్నది.

పంజాగుట్ట చౌరస్తా మీదికెల్లి మేమిద్దరం పోతుంటం, నిమ్స్‌ల నాయిన మోకాళ్లు చూపిచ్చుకునేటందుకు. 2019 ఏప్రిల్‌ల, బాబాసాహెబ్ జయంతికి ఒకరోజు ముందర, ఆ చౌరస్తాల పెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని తొలగిచ్చిండ్రు. అది జవహర్‌నగర్ చెత్త యార్డుల తేలింది. అప్పుడు నాయిన మూడు రోజులు టీవీ ముందరి నుంచి లేవలేదు. 2023 ఏప్రిల్ 14న మళ్ల విగ్రహం వచ్చింది. చూద్దామంటే తీసుకపోయిన. అందరు మొఖం చూసి దండం పెడుతున్నరు. నాయిన వంగి పాదాల కింద చూస్తున్నడు. ఏంది నాయినా అంటే, 'బోల్టులు ఏసిండ్రా, ఎంత లోతుకు ఏసిండ్రా అని' అన్నడు.

ఇప్పుడు ఆయనకు అరువై. ఎర్రగడ్డ షెడ్డుకు పోతలేడు. గల్లీల క్యాబు నడిపే పిలగాండ్లు చక్రం మార్చుకుంటే మాత్రం, రోడ్డు మీది పనోడు రాడ్డెక్కి బిగించిండని తిట్టి, వాళ్లతోని మళ్ల నట్లు ఇప్పిస్తడు. మొన్న ఆదివారం ఒక పిలగాడు బండి ఇంటి ముందర పెట్టిండు. నాయిన పానా తెమ్మన్నడు. పిడి మీది సన్న గీతలు ఆయనకు కనపడవు.

'ఎనభై ఐదు పెట్టు బిడ్డా.'

పెట్టి చేతికిచ్చిన. మోకాలు నేలకు ఆనకుండ చిన్న పీట ఏసుకొని కూసుండు. మొదటి నట్టు టిక్కుమన్నది. పక్కదానికి పోలేదు, ఎదురుదానికి పోయిండు.